ఒకే గడప, ఒకే పేరు

ఒకే ఇంటి నంబరు కింద ఒకే పేరు రెండుసార్లు కనబడితే రెండోది తీసేయాలి. వయసులో తేడా ఉన్నా పట్టించుకోకూడదు.

ఈ రెండు వాక్యాలు హోసూరులో నేను పనిచేసిన ఆఫీసు గోడ మీద, మంచినీళ్ళ క్యాను పైన, చాలాకాలం అంటించి ఉండేవి. రాసింది నేనే. అంత నమ్మకంగా రాసిన కాగితాన్ని నా చేతులతో నేనే చింపాల్సి వచ్చిన వారం గురించి చెబుతాను. ఇప్పుడు అలాంటి గదుల్లో కూర్చుని, ఎప్పుడూ చూడని ఊళ్ళ మనుషుల పేర్లు సరిచేస్తున్న పిల్లలు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఆ నియమం నేను ఊరికే కల్పించింది కాదు. పెళ్ళయిన కొత్తలో కృష్ణగిరిలో ఒక టైపింగ్ సెంటర్లో పనిచేశాను. ఓటర్ల జాబితాలు టైపు చేసే పని మాకు వచ్చేది. మన జాబితాల సంగతి మీకు తెలియంది కాదు. ఒకే మనిషి పుట్టింట్లో ఒకసారి, అత్తింట్లో ఒకసారి ఉంటుంది. ఒక్కోసారి అత్తింట్లోనే రెండుసార్లు ఉంటుంది, ఒకచోట ముప్పై రెండేళ్ళకు, ఇంకోచోట యాభై ఎనిమిదేళ్ళకు. వయసెంత అని అడిగితే "నీకు తోచింది రాసుకోప్పా" అనే ఊళ్ళు మావి. అందుకని వయసును నమ్మకూడదు, పేరునూ గడపనూ నమ్మాలి అని అక్కడ నేర్చుకున్నాను. ఆ పాఠం కృష్ణగిరిలో నన్ను దాదాపు ఎప్పుడూ మోసం చేయలేదు.

హోసూరు ఆఫీసులో చేరేసరికి నాకు ఆ అనుభవమే పెద్ద పేరు తెచ్చింది. అమెరికాలో ఎన్నికల సర్వేలు చేసే ఒక సంస్థకు మేం పనిచేసేవాళ్ళం. వాళ్ళు ఓటర్ల జాబితా పంపుతారు. మేం దాన్ని శుభ్రం చేసి, రెండుసార్లు పడిన పేర్లు తీసేసి తిప్పి పంపుతాం. ఆ జాబితా చూసి వాళ్ళు జనానికి ఫోన్లు చేస్తారు. ఆ జవాబులు మళ్ళీ మా దగ్గరికి వస్తే వాటిని రకాలవారీగా సర్దుతాం. వాళ్ళు నిద్రపోయే వేళ మాకు పని వేళ కాబట్టి మాది పగటి ఉద్యోగమే. గురుబరపల్లిలో పొద్దున్నే బస్సెక్కి, చీకటి పడేలోగా ఇంటికి చేరేదాన్ని. ఒక వరస బల్లలకు టీమ్ లీడర్‌ని.

ఆ ఏడాది మాకు వచ్చిన పని ఒక రాష్ట్రపు గవర్నర్ ఎన్నిక. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి, ప్రజలే ఎన్నుకుంటారు. మతాన్నీ పాత పద్ధతులనూ గట్టిగా పట్టుకున్న రాష్ట్రం అది. ఎన్నో ఏళ్ళుగా ఒకే పక్షం గెలుస్తోంది. ఆ పక్షానికి ఎదురుగా ఒక హిస్పానిక్ మహిళ నిలబడింది. హిస్పానిక్ అంటే స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్ళు. ఆ రాష్ట్రం దక్షిణపు అంచున, సరిహద్దు లోయలో, వాళ్ళు ఎక్కువ. అలాంటి రాష్ట్రంలో అలాంటి ఆడమనిషి గెలిచే అవకాశం ఎంత ఉంది అన్నదే సర్వే. చేయించుకుంటున్నది ఆమె మనుషులే.

మా వరసలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన రాయకోట నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. పనిలో నిదానం, మాటలో చురుకు. రెండో మనిషి గోదావరి వైపు అమ్మాయి. భర్తకు హోసూరు ఫ్యాక్టరీలో పని దొరికితే, మూడేళ్ళ పాపను చంకనేసుకుని అతనితో వచ్చింది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కావస్తోంది. ఆరు నెలల తర్వాత ఉంచుకోవాలా పంపేయాలా అన్నది ఆమె మార్కుల కాగితం మీద నేను పెట్టే సంతకాన్ని బట్టి ఉంటుంది.

ఒకరోజు ఆ అమ్మాయి నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది.

"మేడమ్ గారూ, ఈ రెండు పేర్లూ ఒక్కరివే అనుకోడానికి నాకు మనసొప్పట్లేదండి. ఒకావిడకి డెబ్భై ఏళ్ళు, ఇంకొకావిడకి నలభై ఒకటి."

"వయసు చూడొద్దని గోడ మీద రాసినానే."

"రాశారండి. కానీ ఇది చూడండి. పోయిన ఎన్నికల్లో ఒకావిడ పోస్టులో ఓటేసింది, ఒకావిడ బూత్‌కెళ్ళి వేసింది. ఒక్క మనిషే అయితే రెండుసార్లు ఎలా వేస్తుందండి?"

అక్కడి జాబితాల్లో ఎవరికి ఓటు వేశారో ఉండదు గానీ, వేశారా లేదా, ఎలా వేశారు అన్నది ఉంటుంది. నేను ఆ గడి వైపు చూడనైనా చూడలేదు. ఈలోగా రాయకోట ఆయన కుర్చీ వెనక్కి తిప్పాడు.

"దొంగ ఓటు మన దగ్గరే ఉండాదనుకున్నానమ్మా. ఆడ కూడా ఉండాదా? మనోళ్ళెవరో పోయి నేర్పించినట్టుండారు."

వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి పెద్దరికంగా చెప్పాను.

"చూడమ్మా, ఏ తల్లయినా తన పేరే కూతురికి పెట్టుకుంటాదా? నీ పాపకు నీ పేరు పెట్టినావా?"

"లేదండి."

"మరి? ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించినారు. తీసేయి."

ఆమె తీసేయలేదు. అలాంటి జంట కనబడిన ప్రతిచోటా పక్కన చిన్న గుర్తు పెట్టి వదిలేసింది. నా లెక్కన ప్రతి గుర్తూ ఒక తప్పు. చివరికి ఆ తప్పులన్నీ నేను దిద్ది, ఆమె వదిలిన పేర్లు నేను తీసేశాను. మార్కుల కాగితంలో ఆమె అందరికంటే కిందికి పోయింది. "చెప్పింది వినని మనిషి" అని మేనేజరుతో అన్నాను కూడా. ఆరు నెలలు నిండేది ఒక సోమవారం. ఆరోజు సంతకం పెట్టాలి.

ఇంకొక్క సంగతి చెప్పాలి. రెండు పేర్లలో ముందు నమోదైనది ఉంచి, తర్వాత చేరినది తీసేయడం మా పద్ధతి. అంటే పోయేది ఎప్పుడూ కొత్తగా చేరినవాళ్ళే.

ఫోన్ల జవాబులు రావడం మొదలైంది. చదువుతుంటే మన రచ్చబండ మాటలే ఇంగ్లీషులో వింటున్నట్టు ఉండేది. ఒక ముసలాయన, పిల్ల మంచిదే గానీ ఆ కుర్చీ ఆడదానికి కాదన్నాడు. ఒకావిడ, తన తాత కూడా సరిహద్దు దాటి వచ్చినవాడేనట, అందుకే ఆమెకు వేయదట. ఇంకొకాయన, మా చర్చికి వస్తే ముందు వరసలో కూర్చోబెడతాను, ఓటు మాత్రం అడగొద్దన్నాడు. ఇవన్నీ రకాలవారీగా సర్దాం. మొత్తం మీద ఆమె చాలా వెనకబడి ఉందని తేలింది. ఆశ్చర్యమేమంటే, ఆమె సొంత జనం ఉన్న లోయలో కూడా ఆదరణ పలచగానే కనిపించింది.

దాచకుండా చెబుతాను. నేను వాక్యంలో, అంటే బైబిలు నీడలో, పెరిగిన మనిషిని. మా తాత సంఘపెద్ద, మా అమ్మ మంచం పట్టేదాకా ఆదివారం బడిలో పిల్లలకు చెప్పింది, ఆమె తర్వాత నేను చెబుతున్నాను. కొన్ని సంగతుల్లో ఆ రాష్ట్రపు ముసలివాళ్ళ మాటే నా మాట. ఆ అభ్యర్థి చెప్పేవాటిలో నేను ఒప్పుకోలేనివి ఉన్నాయి. ఆమె వెనకబడిందని చూసినప్పుడు నాలో ఏదో ఒక మూల తృప్తిగా తల ఊపింది. ఆ తృప్తి వల్లే నేను రెండోసారి ఆలోచించలేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. మనకు నచ్చిన ఫలితం వచ్చినప్పుడు దాన్ని ఎవరం తిరగేసి చూస్తాం?

ఆ గురువారం మేనేజరు నన్ను తన గదికి పిలిచాడు. ధర్మపురి తమిళాయన, తెలుగు బాగానే మాట్లాడతాడు.

"అమ్మా, సోమవారం సాయంత్రంలోగా ఆఖరి రిపోర్టు పోవాల. వాళ్ళకు అప్పుడు తెల్లవారుతుంది. ఇదే ఫలితమైతే ఆ లోయలో ఇల్లిల్లూ తిరిగే మనుషులను వెనక్కి పిలిచేస్తారంట. ఆడ తిరిగేది వేస్టు అంటున్నారు."

"సరి సార్," అన్నాను. ఎక్కడో లోయలో ఎవరో తలుపులు తట్టడం మానేస్తే నాకేం?

ఆదివారం ఆరాధన అయ్యాక మాకు స్త్రీల కూడిక ఉంటుంది. ఆ వారం పాఠం చెప్పాల్సింది నేను. వృద్ధాప్యంలో బిడ్డ కలుగుతాడని దేవదూత చెబితే నమ్మక, మాట పడిపోయిన యాజకుడి సంగతి. బిడ్డ పుట్టాడు. ఎనిమిదో రోజున చుట్టాలూ పొరుగువాళ్ళూ వచ్చి తండ్రి పేరే బిడ్డకు పెట్టబోయారు. తల్లి వద్దంది, వేరే పేరు చెప్పింది. మీ బంధువుల్లో ఆ పేరు ఎవరికీ లేదే అని వాళ్ళు విడ్డూరపడ్డారు. అప్పుడు తండ్రి పలక అడిగి తీసుకుని, తల్లి చెప్పిన పేరే రాశాడు. రాసిన వెంటనే అతనికి మాట వచ్చింది.

నేను పలక దాకా రాకముందే, ముందు వరసలో కూర్చున్న మా ఊరి అవ్వ చెయ్యి ఎత్తింది.

"మొగుని పేరే బిడ్డకు పెట్టేది ఏం న్యాయమమ్మా? మొగుని పేరు నోట ఎత్తకూడదు కదా. అన్నానికి ఆ బిడ్డను ఏమని పిలిచేది? ఓయ్ అనా?"

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "అందుకే ఆయమ్మ వద్దనిందేమో అవ్వా."

అందరూ విరగబడి నవ్వారు. పాస్టరమ్మ కూడా చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నవ్వలేకపోయాను. పుస్తకం చేతిలో అలాగే ఉండిపోయింది.

పదేళ్ళ వయసు నుంచి ఆ భాగం చదువుతున్నాను. ఎన్నిసార్లు బోధించానో నాకే తెలియదు. చదివినప్పుడల్లా నా చూపు దేవదూత మీద, పడిపోయిన మాట మీద, పలక మీద ఉండేది. ఆ చుట్టాల మీద ఎప్పుడూ ఆగలేదు. వాళ్ళకు తండ్రి పేరు కొడుక్కి పెట్టడం వింత కాదు, పెట్టకపోవడమే వింత. మాకు బతికున్న తల్లి పేరు కూతురికి పెట్టడం ఊహకు కూడా రాదు. పెద్దల పేర్లు పెడతాం గానీ ఒకే గడపలో, ఒకే పిలుపుకు ఇద్దరు పలికేలా పెట్టం. లోకమంతా మా గడపలాంటిదే అనుకుని గోడ మీద కాగితం అంటించాను. డెబ్భై ఏళ్ళ ఆవిడ, నలభై ఒక్క ఏళ్ళ ఆవిడ. పోస్టులో ఒకరు, బూత్‌లో ఒకరు. తల్లీ కూతుళ్ళు.

అలాంటి పేర్లు వేలల్లో తీసేశాం. అందులోనూ పోయినవాళ్ళంతా కొడుకులూ కూతుళ్ళూ, వయసులో ఉన్నవాళ్ళు. జవాబుల్లో ఆ అభ్యర్థి వైపు మొగ్గింది ఎక్కువగా ఆ వయసువాళ్ళే. వాళ్ళకు ఎవరూ ఫోన్ చేయలేదు, ఏమీ అడగలేదు. ఆ లోయలో ఆమెకు ఆదరణ పలచగా ఉండటం కాదు, జాబితానే మేం పలచన చేశాం.

పాఠం ఎలా ముగించానో గుర్తులేదు. ఇంటికి వచ్చి మోకరించాను. మీరు నవ్వుకున్నా సరే, నా మొదటి ప్రార్థన ఏమంటే, ప్రభువా, ఇది నిజం కాకుండా చూడు అని. రెండోది, నిజమే అయినా ఎవరికీ తెలియకుండా చూడు అని. రెండోది సగంలో సిగ్గేసి ఆపేశాను. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను ఆదివారం బడి పిల్లలతో వల్లె వేయించేది నేనే. అంతమంది లేనేలేరని చెప్పడం కంటే పెద్ద అబద్ధ సాక్ష్యం ఏముంటుంది? ఆమె అభిప్రాయాలు నాకు నచ్చకపోవచ్చు. ఆజ్ఞలో మాత్రం, నచ్చినవాళ్ళ విషయంలోనే అన్న షరతు లేదు.

సోమవారం మొదటి బస్సుకే బయలుదేరాను. ఆఫీసు తలుపు తీసేసరికి రాయకోట ఆయన మెట్ల మీద ఉన్నాడు. ఆయన రైలు ఎప్పుడూ ముందే వస్తుంది.

"ఏమ్మా, ఇంత పొద్దున్నే? ఇంట్లో పోట్లాడినావా?"

"రా అప్పా. నవ్వద్దు. నాతో కూర్చో."

తీసేసిన పేర్ల ఫైలు తెరిచాం. ఉంచిన పేరు ఒకపక్క, తీసేసిన పేరు ఒకపక్క పెట్టి ఓటు వేసిన గడులు చూశాం. ఒకరు పోస్టులో, ఒకరు బూత్‌లో. అక్కడ ముందుగానూ వేయొచ్చు, ఒకరు ముందు వారం, ఒకరు ఎన్నిక రోజున. తిప్పిన ప్రతి పేజీలోనూ అదే. హిస్పానిక్ పేర్లలో మరీ ఎక్కువ, మిగతావాళ్ళలోనూ అక్కడక్కడా ఉన్నాయి. నిజంగా రెండుసార్లు పడినవి ఉన్నాయి గానీ తక్కువే. రాయకోట ఆయన వేళాకోళం మానేసి పేర్లు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఆయన అలా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇన్ని దొంగ ఓట్లు మనోళ్ళు నేర్పించినా పడవమ్మా," అన్నాడు చివరికి. "వీళ్ళంతా మనుషులే."

తొమ్మిదింటికి గోదావరి అమ్మాయి వచ్చింది. బల్ల మీద ఉన్న తన కప్పు, పాప ఫోటో తీసి సంచిలో వేసుకుంటోంది.

"ఏమ్మా, ఏం చేస్తా ఉండావు?"

"ఈరోజు ఆఖరి రోజు కదండీ. మార్కులు చూసుకున్నాను. సాయంత్రం హడావుడి ఎందుకని సర్దుకుంటున్నాను."

"ఆఖరి రోజైతే నాకు కావాల, నీకు కాదు. ఆ ఫోటో యాడుండేదో ఆడ పెట్టు. నువ్వు గుర్తు పెట్టినవన్నీ సరిగ్గానే పెట్టినావు. నేనే తప్పు."

ఆమె కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. సంతోషిస్తుందనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తర్వాత గొంతులో కోపం వచ్చింది.

"నేను చెప్పినప్పుడు ఆ గడి ఒక్కసారి చూడాల్సిందండి మీరు. నిన్నంతా మా ఆయన, నేను ఊరెళ్ళిపోదామా అని మాట్లాడుకున్నాం."

"చూడాల్సింది," అన్నాను. మార్కుల కాగితం తెచ్చి, ఆమె ముందే పాత మార్కులు కొట్టేసి కొత్తవి వేసి సంతకం పెట్టాను. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి కాగితం లాగి చింపేశాను. ఏళ్ళ తరబడి ఉన్న టేపు, సున్నం పెచ్చుతో సహా వచ్చింది.

మేనేజరు అంత తొందరగా ఒప్పుకోలేదు. మెడ రుద్దుకుంటూ విన్నాడు.

"రిపోర్టు సాయంత్రం పోవాల. ఇప్పుడు వచ్చి ఇట్లా చెప్తే ఎట్లమ్మా? ఈ కాంట్రాక్టు పోతే ఈ గదిలో సగం మంది ఇంటికే."

"తెలుసు సార్."

"యార్ పణ్ణినదు?" అని నోరు జారి, "ఎవరు చేసింది?" అన్నాడు.

"నేను."

"మీరు అని ఎందుకు, టీమ్ తప్పు అని చెప్పుదాం. లేదంటే ఇది పంపించేసి, వచ్చే సర్వేలో సరిచేద్దాం. ఎట్లైనా ఆమె ఓడిపోతుందమ్మా. ఆ రాష్ట్రం అట్లాంటిది."

"ఓడిపోనీ సార్. ఓట్లు వేసేవాళ్ళు ఓడించనీ. హోసూరులో కూర్చుని మనం ఎందుకు ఓడించేది?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మంచివాడు, కాకపోతే భయస్తుడు. నలభై మంది జీతాల బరువు మోసేవాడికి భయం ఉండటం తప్పు కాదని నాకిప్పుడు తెలుసు. కొంతసేపటికి, "సాయంత్రం కాల్‌లో మీరే చెప్పండి," అన్నాడు.

సాయంత్రం ఆరున్నరకు నలుగురం తెర ముందు కూర్చున్నాం. అవతల ఆ సర్వే సంస్థలో మా పని చూసే ఆమె కనిపించింది. ముప్పై ఐదేళ్ళుంటాయేమో, చేతిలో కాఫీ. నా ఇంగ్లీషు ఉత్తరాలకు సరిపోతుంది గానీ మాటలకు తడబడుతుంది. తప్పు నాదని మాత్రం నేనే చెప్పాను. మిగతాది గోదావరి అమ్మాయి వివరించింది, పేజీలు చూపిస్తూ, తొణక్కుండా.

అవతల కాఫీ కప్పు బల్ల మీదకు దిగింది. ఆమె తన పేరు చెప్పి, ఒక ఊరి పేరు, వీధి పేరు చెప్పి, జాబితాలో వెతకమంది. మా అమ్మాయి వెతికింది. ఆ ఇంట్లో ఆ పేరు ఉంది, అరవై ఆరేళ్ళు.

"అది మా అమ్మ," అందామె ఇంగ్లీషులో. "ఆమె పేరే నాకు పెట్టింది. ఒకే ఇంట్లో ఉంటాం. నేనెక్కడున్నాను?"

మా అమ్మాయి తీసేసిన పేర్ల ఫైలు తెరిచింది. అక్కడ ఉంది.

"అంటే మీ లెక్కలో నేను లేను," అందామె.

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. నేను క్షమించమన్నాను. అప్పుడామె నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత కప్పు పక్కకు జరిపి మరీ నవ్వింది. తన పేరున్న జాబితా తన చేతుల మీదుగానే వెళ్ళిందని, తానూ చూసుకోలేదని, ఈ సంగతి అమ్మకు చెబితే సంవత్సరం పాటు దెప్పుతుందని చెప్పింది. లోయ నుంచి మనుషులను వెనక్కి పిలవకుండా ఒక వారం ఆపిస్తానంది. తీసేసినవాళ్ళ పేర్లు వెంటనే పంపమంది. చివర్లో, దీన్ని ముందు కనిపెట్టింది ఎవరని అడిగింది.

"ఈమె," అని మా అమ్మాయి వైపు చూపించాను. "మేం వినలేదు."

ఆ వారం మేం పనిచేసినట్టు నా ఉద్యోగంలో మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. నియమం తిరగరాసింది గోదావరి అమ్మాయి. నేను ఆమె చెప్పినట్టు చేశాను. రాయకోట ఆయన ప్రతి జంటనూ "అమ్మ ఉండాది, కూతురూ ఉండాది, భద్రం" అని పైకి చదువుతూ సరిచూశాడు. కొత్త జవాబులు వచ్చాక చూస్తే ఆ అభ్యర్థి ఇంకా వెనకే ఉంది, కానీ వదిలేసుకోవాల్సినంత వెనక లేదు. లోయలో తలుపులు తట్టే పని ఆగలేదని ఉత్తరం వచ్చింది. కాంట్రాక్టు పోలేదు. గోదావరి అమ్మాయిని ఉంచుకున్నారు. నాకు మెమో ఇచ్చారు. రిటైరైన రోజున కప్పిన శాలువా ఎవరికి ఇచ్చేశానో గుర్తులేదు గానీ, ఆ మెమో మాత్రం బీరువాలో బట్టల కింద భద్రంగా ఉంది.

ఫలితాలు మాకు పొద్దున పూట తెలిశాయి. ఆమె ఓడిపోయింది. లోయ మాత్రం ఆమెకే నిలబడింది. రాయకోట ఆయన తెర వైపు చూస్తూ అన్నాడు.

"ఓడిపోయింది కదమ్మా. ఇంత కష్టపడి మనం చేసింది ఏంది?"

నాకు కలిగింది బాధ కాదు, సంతోషమూ కాదు. బరువైన నీళ్ళ బిందె నడుము మీంచి దించినట్టు అనిపించింది. ఆమెను కాదన్నది ఆ రాష్ట్రంలో ఓటున్న జనం. మంచో చెడో, ఆ నిర్ణయం వాళ్ళది. నా గోడ కాగితానికి అందులో భాగం లేదు. "మనం అడ్డం తొలిగినాము అప్పా, అంతే," అన్నాను. ఆయనకు ఆ జవాబు నచ్చినట్టే ఉంది. లేచి వెళ్ళి అందరికీ టీ చెప్పి వచ్చాడు.

ఆ పొద్దున్నే ఇంకో సంగతి గమనించాను. ఆ లోయ ఓట్లు పెరుగుతుంటే, నాకు తెలియకుండానే ఆమె గెలవాలని గుప్పిళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఈ మాట మా సంఘంలో ఎవరికీ చెప్పలేదు. దేవునికి ఎలాగూ తెలుసు.

ఈ మధ్య మా గురుబరపల్లి వీధికి ఓటర్ల జాబితా సరిచూసే ఆయన వచ్చాడు. బడిపంతులు, ఎండకు ముఖమంతా వాడిపోయి ఉంది. మా అరుగు మీద కూర్చుని నీళ్ళు అడిగాడు. తాగుతూ ఎదురింటి వైపు చూపించాడు.

"అమ్మా, ఆ ఇంట్లో ఒకే పేరు రెండుసార్లు ఉండాది. ఒకరినే రెండుసార్లు రాసినట్టుండారు. మీరేమంటారు? తీసేయమని రాసేదా?"

ఎదురింటికి పోయిన ఏడాది కొత్త కోడలు వచ్చింది. అత్త పేరూ ఆమె పేరూ అనుకోకుండా ఒకటే. పెళ్ళి మాటల్లో అది పెద్ద అడ్డంకే అయింది. చివరికి ఇంట్లో కోడలిని చిన్నమ్మి అని పిలుచుకోవచ్చని సర్దుకున్నారు. ఆ కథంతా నాకు తెలుసు. చెప్పేయవచ్చు. కానీ చెప్పబుద్ధి కాలేదు.

"నీళ్ళు తాగు అప్పా. తాగినాక ఆ గడప ముందర నిలబడి, ఆ పేరు ఒకసారి గట్టిగా పిలువు."

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. అయినా లేచి వీధి దాటి, ఆ గడప ముందు నిలబడి పిలిచాడు.

"వస్తా ఉండా," అని ఒక గొంతు పెరట్లోంచి పలికింది. "వస్తా ఉండా," అని ఇంకో గొంతు వంటింట్లోంచి పలికింది.

పంతులు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.